తలనొప్పి పొట్లం: ఆస్ట్రేలియా మూత్రపిండాలు చెప్పిన కథ

ఆస్ట్రేలియాలో పెద్దవయసు వారి నోట ఇప్పటికీ వినిపించే మాట ఒకటి ఉంది. ఇంట్లో చికాకు పెరిగినా, పనిభారం మీద పడినా, ఒక కప్పు టీ తాగి, ఒక బెక్స్ వేసుకుని, కాసేపు నడుం వాల్చమని ఆ మాట సలహా ఇస్తుంది. 1965లో సిడ్నీలోని ఫిలిప్ థియేటర్‌లో జాన్ మెకెల్లర్ రాసిన హాస్య ప్రదర్శనకు ఈ మాటనే పేరుగా పెట్టారంటే, అది జనం నాలుకల మీద ఎంతగా నానిందో ఊహించవచ్చు. ఆ మాట తెలియక, నేటి కుర్రకారు బెక్స్ అంటే ఏదో బిస్కెట్టు అనుకుంటారు. బెక్స్ తలనొప్పి మందు. కాగితంలో మడిచిన తెల్లని పొడి. నీళ్ళలోనో టీలోనో కలుపుకుని తాగేవారు, కొందరు నేరుగా నాలుక మీద వేసుకునేవారు. దానికి పోటీగా అమ్ముడుపోయిన మరో పొట్లం పేరు విన్సెంట్స్. వైద్యుల చీటీ అవసరం లేదు. మందుల షాపు దాకా వెళ్ళవలసిన పని కూడా లేదు. పాలు, రొట్టె, సిగరెట్లు అమ్మే వీధి చివరి కొట్టులోనే దొరికేది.

ఈ పొట్లాన్ని ఎ.పి.సి. అనేవారు. ఎ అంటే యాస్పిరిన్, పి అంటే ఫెనాసెటిన్, సి అంటే కెఫీన్. బెక్స్ పొట్లం ఒక్కొక్కదానిలో యాస్పిరిన్ 420 మిల్లీగ్రాములు, ఫెనాసెటిన్ 420 మిల్లీగ్రాములు, కెఫీన్ 160 మిల్లీగ్రాములు ఉండేవి. మన పాఠకులకు ఇది పరాయి మందేమీ కాదు. ఏపీసీ బిళ్ళ పేరు మన సర్కారు దవాఖానాలకు, పల్లెటూరి ఆర్.ఎం.పి. వైద్యులకు ఒకప్పుడు సుపరిచితం. జ్వరమా, ఒళ్ళునొప్పులా, తలనొప్పా అని పెద్దగా విచారించకుండా ఇచ్చే బిళ్ళ అది. అయితే ఆ మందు ఒక దేశపు మూత్రపిండాలను ఎలా దెబ్బతీసిందో, ఎవరు కనిపెట్టారో, ఎలా ఆపారో చెప్పాలంటే ఆస్ట్రేలియా చరిత్రలోకే వెళ్ళాలి.

పారమట్టాలో కూర్చుని ఈ వ్యాసం రాయడానికి కారణం ఉంది. సిడ్నీకి పశ్చిమాన ఉన్న ఈ పట్టణం, దాని పక్కనే ఉన్న హారిస్ పార్క్, వెస్ట్‌మీడ్, వెంట్వర్త్‌విల్, టూంగాబీ ప్రాంతాలు ఇప్పుడు తెలుగువారికి సొంతూళ్ళ వంటివి. యాభై, అరవై ఏళ్ళ కిందట ఇదంతా కార్మికుల నేల. గ్రాన్విల్, ఆబర్న్, కమీలియా కర్మాగారాలలో యూరపు నుంచి వలస వచ్చినవారూ స్థానికులూ కలిసి పనిచేసేవారు. నేడు ఈ ప్రాంతానికంతటికీ పెద్ద దిక్కయిన వెస్ట్‌మీడ్ ఆసుపత్రి 1978లో తెరుచుకుంది. ఏపీసీ పొట్లాలు వీధి కొట్ల నుంచి మాయమయింది ఆ మరుసటి ఏడాది, 1979లో. ఒక తరం పొట్లాలు తాగింది. ఆ లెక్క తరువాతి ఇరవై ఏళ్ళలో డయాలిసిస్ యంత్రాల దగ్గర తేలింది.

ముందుగా ఈ మూడు మందులూ ఒకే పొట్లంలోకి ఎలా వచ్చి చేరాయో చూద్దాం.

1886లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో కాన్, హెప్ అనే ఇద్దరు యువ వైద్యులు కడుపులో పురుగులున్న ఒక రోగికి నాఫ్తలీన్ ఇవ్వబోయారు. అవును, మన బీరువాల్లో వేసుకునే కలరా ఉండల నాఫ్తలీనే. మందుల దుకాణం పొరపాటున అసిటానిలైడ్ అనే మరో రసాయనం పంపింది. పురుగులు చావలేదు కానీ రోగి జ్వరం దిగిపోయింది. ఆ పొరపాటు నుంచే కొత్త జ్వరం మందు పుట్టింది. అది నొప్పిని కూడా తగ్గించేది. కానీ వేసుకున్నవారి పెదవులు, గోళ్ళు నీలంగా మారేవి. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేని రూపంలోకి మారడం దానికి కారణం. దీనికంటే మెత్తని మందు కోసం వెతుకుతున్న జర్మనీలోని బేయర్ సంస్థకు, రంగుల తయారీలో గుట్టలుగా మిగిలిపోతున్న ఒక వ్యర్థ రసాయనం చేతికి దొరికింది. దాని నుంచి 1887లో తయారైనదే ఫెనాసెటిన్. రంగుల పరిశ్రమ వ్యర్థం మందుల పరిశ్రమకు మూలధనమయింది. పదేళ్ళ తరువాత, 1897లో, అదే సంస్థలో ఫెలిక్స్ హాఫ్‌మన్ యాస్పిరిన్‌ను శుద్ధరూపంలో తయారు చేశాడు. 1899లో అది మార్కెట్లోకి వచ్చింది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. నేడు ప్రతి ఇంట్లో ఉండే పారాసిటమాల్ ఈ రెండింటికంటే ముందే పుట్టింది. 1878లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మోర్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దాన్ని తయారు చేశాడు. 1893లో ఫాన్ మెరింగ్ రోగులకు ఇచ్చి చూశాడు. అది కూడా రక్తాన్ని నీలం చేస్తోందని, ఫెనాసెటినే నయమని తేల్చి పక్కన పెట్టేశాడు. ఆయన వాడిన మందులో కల్తీ చేరి ఉండవచ్చునని తరువాతివారు భావించారు. ఏదైతేనేం, ఆ ఒక్క తీర్పు అర్ధ శతాబ్దానికి పైగా నిలిచింది. 1948లో న్యూయార్క్‌లో బెర్నార్డ్ బ్రాడీ, జూలియస్ యాక్సెల్‌రాడ్ అసలు సంగతి బయటపెట్టారు. అసిటానిలైడ్, ఫెనాసెటిన్ రెండూ శరీరంలోకి వెళ్ళాక పారాసిటమాల్‌గా మారుతున్నాయి. నొప్పిని తగ్గిస్తున్నది ప్రధానంగా ఆ పారాసిటమాలే. అంటే అరవై ఏళ్ళుగా జనం ఒక మంచి మందును దాని చెడ్డ చుట్టంతో కలిపి మింగుతున్నారన్నమాట. 1955లో అమెరికాలోను, 1956లో బ్రిటన్‌లోను పారాసిటమాల్ అమ్మకానికి వచ్చింది. కానీ అప్పటికే ఏపీసీ పొట్లం ఆస్ట్రేలియా వంటింట్లో టీ పొడి డబ్బా పక్కన స్థిరపడిపోయింది.

ఆస్ట్రేలియాకు సొంత యాస్పిరిన్ రావడానికి కారణం మొదటి ప్రపంచ యుద్ధం. శత్రుదేశపు మందు దిగుమతి ఆగిపోయింది. జర్మన్ పేటెంట్లను ప్రభుత్వం పక్కన పెట్టి, నాణ్యంగా తయారు చేయగలవారికి అనుమతి ఇస్తానంది. మెల్‌బోర్న్‌లో జార్జ్ నికొలస్ అనే మందుల దుకాణదారు, వంటింటి సామాను వంటివి పెట్టుకుని ప్రయోగాలు చేసి, 1915లో ఆ అనుమతి సంపాదించాడు. 1917 నుంచి ఆ మందు పేరు ఆస్ప్రో. మన దేశంలో కూడా ఆస్ప్రో ఎంత ప్రసిద్ధమో నా వయసువారికి చెప్పనక్కరలేదు. ఆ నికొలస్ పేరు మీదే భారతదేశంలో నడిచిన నికొలస్ లేబొరేటరీస్‌ను 1988లో పిరమల్ సంస్థ కొన్నది. చాలా ఏళ్ళపాటు నికొలస్ పిరమల్ అనే జంట పేరులో మెల్‌బోర్న్ మందుల దుకాణదారు మిగిలి ఉన్నాడు.

ఆస్ప్రో ఒకే మందు. బెక్స్, విన్సెంట్స్ మూడు మందుల మిశ్రమాలు. ఎక్కువ మందులుంటే ఎక్కువ బలం అనే నమ్మకం లోకంలో ఎక్కడైనా ఒకటే. మూడు రకాలు కలిపితే ఒక్కొక్కదాని మోతాదు తగ్గించవచ్చునని, అప్పుడు హాని కూడా తగ్గుతుందని వైద్యులు కూడా వాదించేవారు. కాగితం మీద ఈ తర్కం బాగానే ఉంటుంది. అయితే ఆ తర్కం రోజుకు ఒకటో రెండో వేసుకునే మనిషిని ఊహించుకుంది. నిజంగా ఆ పొట్లాలు కొన్నవారు అలా వేసుకోలేదు.

వారిలో ఎక్కువమంది స్త్రీలు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పెరిగిన శివారు కాలనీలలో పిల్లలతో, ఇంటిపనితో రోజంతా గడిపే గృహిణులు, కుట్టు మిషన్ల మీద గంటల తరబడి కూర్చునే కర్మాగార కార్మికులు. ఉదయం పని మొదలుపెట్టే ముందు ఒకటి, టీ విరామంలో ఒకటి, భోజనం తరువాత ఒకటి. పత్రికల్లో, రేడియోలో ప్రకటనలు తలనొప్పితో ఆగలేదు. అలసట, నరాల బలహీనత, మనసు బాగోలేకపోవడం, అన్నిటికీ అదే పొట్లం. ఈ ప్రకటనలు స్త్రీలకు ఇచ్చిన సందేశం ఏమిటంటే, నీకు విశ్రాంతి దొరకదు కనుక ఈ పొడి తీసుకో అని. నా అభిప్రాయంలో ఇక్కడ మందును ఎంపిక చేసింది రోగి కాదు, వైద్యుడు అంతకన్నా కాదు. పని గంటలూ, ప్రకటనదారులూ కలిసి చేసిన ఎంపిక అది.

పొట్లంలోని కెఫీన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే గుట్టు అక్కడే ఉంది. 160 మిల్లీగ్రాములంటే సుమారు ఒకటిన్నర, రెండు కప్పుల కాఫీతో సమానం. కెఫీన్ నొప్పిమందు పనితీరును కొంత పెంచే మాట నిజమే. కానీ రోజూ కెఫీన్‌కు అలవాటు పడిన శరీరానికి ఒక పూట అది అందకపోతే, పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలలోపు తలనొప్పి మొదలవుతుంది. ఏకాదశి ఉపవాసం నాడు కాఫీ మానేసిన ఇంటి పెద్దలకు సాయంత్రానికి తల పగిలిపోవడం మన ఇళ్ళలో అందరికీ అనుభవమే. మరి ఆ తలనొప్పికి మందు ఏమిటి? మరో పొట్లం. పొట్లం తలనొప్పిని తగ్గిస్తుంది, తగ్గించిన కొన్ని గంటలకు తానే మళ్ళీ పుట్టిస్తుంది. తాగేవారికి మాత్రం తమకు తలనొప్పి జబ్బు ఉందనీ, బెక్స్ ఒక్కటే దాన్ని ఆపుతోందనీ అనిపించేది. అది అబద్ధమూ కాదు. అలా రోజుకు ఆరు, ఎనిమిది, పది పొట్లాల దాకా పాకినవారు ఉన్నారు.

లెక్క వేసి చూద్దాం. రోజుకు ఆరు పొట్లాలంటే ఫెనాసెటిన్ సుమారు రెండున్నర గ్రాములు. ఏడాదికి తొమ్మిది వందల గ్రాముల పైచిలుకు. జీవితకాలంలో మొత్తం ఒకటి, రెండు కిలోల ఫెనాసెటిన్ మింగినవారిలో మూత్రపిండాల వ్యాధి కనిపించడం మొదలవుతుందని తరువాతి పరిశోధకులు అంచనా కట్టారు. అంటే ఆరు పొట్లాల మనిషి రెండేళ్ళు తిరగకుండానే ఆ గీత దగ్గరకు చేరుతుంది.

ప్రమాద ఘంటిక మొదట మోగింది యూరపులో. 1953లో స్విట్జర్లాండ్‌లో ష్పూలర్, జోలింగర్ అనే ఇద్దరు వైద్యులు, నొప్పిమందులు విపరీతంగా వాడేవారిలో మూత్రపిండాలు ఒక ప్రత్యేకమైన రీతిలో కుంచించుకుపోతున్నాయని రాశారు. అక్కడి గడియారాల పరిశ్రమలో సూక్ష్మమైన పనిచేసే కార్మికులు ఈ మాత్రలకు బాగా అలవాటుపడ్డవారు. స్వీడన్‌లోని హస్క్‌వార్నా కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో యోర్టన్ అనే వైద్యుడు అక్కడి ఆయుధ కర్మాగారం కార్మికుల కోసం ఫెనాసెటిన్, ఫెనజోన్, కెఫీన్ కలిపిన పొడి ఒకటి రాసిచ్చాడు. మహమ్మారి వెళ్ళిపోయింది, పొడి మాత్రం ఉండిపోయింది. జ్వరం కోసం ఇచ్చిన మందును జనం పని చురుకుదనం కోసం తాగసాగారు. పండుగలకూ పుట్టినరోజులకూ పొట్లాలు కానుకలుగా ఇచ్చుకునేవారట. ఆ ఊళ్ళో మూత్రపిండాలు చెడి చనిపోయేవారు ఎక్కువని గమనించి, గ్రిమ్లుండ్ 1963లో తన అధ్యయనాన్ని ప్రచురించాడు.

ఇక ఆస్ట్రేలియాకు వద్దాం. ఇక్కడ ఈ కథను మలుపు తిప్పిన మనిషి ప్రిసిల్లా కిన్‌కెయిడ్-స్మిత్. 1926లో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో పుట్టారు. 1950ల చివర ఆస్ట్రేలియా వైద్యుడిని పెళ్ళి చేసుకుని మెల్‌బోర్న్ వచ్చారు. పెళ్ళయిన స్త్రీకి ఆసుపత్రిలో పూర్తికాలపు ఉద్యోగం ఇవ్వని రోజులవి. ఆ అడ్డంకిని తోసుకుంటూనే ఆమె రాయల్ మెల్‌బోర్న్ ఆసుపత్రిలో మూత్రపిండ వైద్యవిభాగాన్ని నిర్మించారు, 1975లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రానికి తొలి మహిళా ఆచార్యులయ్యారు. ఇంటిపని, బయటిపని మధ్య నలిగిన స్త్రీల మూత్రపిండాలను సూక్ష్మదర్శిని కింద చూసినవారిలో ఒక స్త్రీ ముందుండడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ నాకు ప్రతిసారీ ఆ సంగతి గుర్తొస్తుంది.

1967లో లాన్సెట్ పత్రికలో ఆమె ప్రచురించిన వ్యాసం జబ్బు ఎక్కడ మొదలవుతుందో చూపింది. మూత్రపిండం లోపలి అంచున పాపిల్లా అనే చిన్న మొనలు ఉంటాయి. మూత్రం చిక్కబడేది అక్కడ. నీటిని వెనక్కి లాక్కునే కొద్దీ, మూత్రంలో కరిగి ఉన్న మందు కూడా అక్కడే చిక్కబడుతుంది. శరీరంలో మరెక్కడా లేనంత గాఢత ఆ మొనల దగ్గర. పైగా అక్కడికి రక్తసరఫరా సహజంగానే తక్కువ. ఫెనాసెటిన్ నుంచి పుట్టిన పదార్థాలు అక్కడి కణాలను గాయపరుస్తాయి. ఆ గాయం నుంచి కణాన్ని కాపాడే గ్లూటథయోన్ అనే రక్షకాన్ని యాస్పిరిన్ తగ్గిస్తుంది, రక్తనాళాలను తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను కూడా అణచివేస్తుంది. ఒకటి కొడుతుంటే మరొకటి చేతులు కట్టేసి పట్టుకోవడం వంటిది. మొనలు చచ్చి, కొన్నిసార్లు విరిగి, మూత్రంలో రాయిలాగా జారి భరించలేని నొప్పి పుట్టిస్తాయి. ఆ తరువాత మూత్రపిండం మొత్తం నెమ్మదిగా మచ్చకట్టి కుంచించుకుపోతుంది.

యాస్పిరిన్ పాత్ర గురించి అప్పట్లో చాలా వాదన జరిగింది. తప్పంతా ఫెనాసెటిన్‌దేనని, దాన్ని తీసేస్తే సరిపోతుందని కంపెనీల వాదన. 1970లో నాన్రా, కిన్‌కెయిడ్-స్మిత్ కలిసి ఎలుకల మీద చేసిన ప్రయోగాలలో యాస్పిరిన్, యాస్పిరిన్ ఉన్న మిశ్రమాలు కూడా పాపిల్లాలను చంపగలవని తేలింది. మిశ్రమమే అసలు ప్రమాదమని ఆమె చివరి దాకా వాదించారు.

ఈ వ్యాధిని వైద్యులు ఎందుకు త్వరగా గుర్తించలేదన్న ప్రశ్న సహజం. ఏళ్ళ తరబడి దీనికి లక్షణాలు ఉండవు. రాత్రిపూట ఎక్కువసార్లు మూత్రానికి లేవడం, కాస్త రక్తహీనత, కడుపులో పుండు, అంతే. ఇవి ఏ మధ్యవయసు స్త్రీకైనా ఉండగలవని తోసిపుచ్చడం తేలిక. మూత్రపిండాలు చెడుతున్న కొద్దీ రక్తపోటు పెరుగుతుంది, రక్తహీనత ముదురుతుంది. రెండూ తలనొప్పిని తెస్తాయి. ఆమె మరో పొట్లం విప్పుతుంది. ఏ మందులు వాడుతున్నారని వైద్యుడు అడిగితే ఏమీ లేదని సమాధానం. ఆమె అబద్ధమాడటం లేదు. టీ తాగుతున్నానని వైద్యుడికి ఎవరు చెబుతారు? బెక్స్ కూడా అంతే. అది మందుల లెక్కలోకి రాదు.

ఎండలు మెండుగా ఉండే క్వీన్స్‌ల్యాండ్‌లో, మా న్యూ సౌత్ వేల్స్‌లో ఈ వ్యాధి మిగతా రాష్ట్రాలకంటే ఎక్కువగా కనిపించింది. పొట్లాల వాడకం అక్కడ ఎక్కువ. చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గితే మూత్రం మరింత చిక్కబడుతుంది కనుక వాతావరణానికి కూడా వాటా ఉండి ఉంటుందని భావించారు. ఒక దశలో ఆస్ట్రేలియాలో డయాలిసిస్ మొదలుపెట్టే రోగులలో సుమారు ఐదో వంతు మంది ఈ నొప్పిమందుల వ్యాధితో వచ్చినవారే. ప్రపంచంలో మరే దేశంలోను ఇంత పెద్ద వాటా అరుదు. మూత్రనాళాల క్యాన్సర్ ముప్పు కూడా వీరిలో పెరిగింది. ఫెనాసెటిన్ మనుషులలో క్యాన్సర్ కలిగిస్తుందని నేడు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించిన పదార్థాల జాబితాలో ఉంది.

చట్టం కదలడానికి ఎంత కాలం పట్టిందో గమనించండి. స్విస్ వైద్యులు రాసింది 1953లో. స్వీడన్ 1961లోనే ఫెనాసెటిన్‌ను వైద్యుల చీటీకి పరిమితం చేసింది. ఆస్ట్రేలియాలో విన్సెంట్స్ 1967లో ఫెనాసెటిన్‌ను తీసేసి మరో మందు పెట్టింది. బెక్స్ నుంచి అది తొలగింది 1975లో. 1977లో సెనేటు సంఘం ఒకటి దేశంలోని మాదకద్రవ్యాల సమస్య మీద నివేదిక ఇచ్చింది. దాని అధ్యక్షుడు పీటర్ బామ్ స్వయంగా వైద్యుడు. మద్యం, పొగాకు, గంజాయి, వాటి సరసన తలనొప్పి మందులు. ఈ నాలుగింటినీ ఒకే నివేదికలో కూర్చోబెట్టడం సాహసమే. 1979లో మిశ్రమ నొప్పిమందులను వైద్యుల చీటీ లేకుండా అమ్మడాన్ని నిషేధించారు. ఫెనాసెటిన్ ఒక్కదాన్నే కాకుండా మిశ్రమాన్నే వీధి కొట్టు నుంచి తప్పించడం ఈ నిర్ణయంలోని విశేషం. అమెరికా ఫెనాసెటిన్‌ను తొలగించింది 1983లో. అదే ఏడాది భారతదేశం కూడా దాని తయారీని, అమ్మకాన్ని నిషేధించింది.

1977లో మొదలైన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ డయాలిసిస్ రిజిస్ట్రీలో ఈ కథ ముగింపు నమోదై ఉంది. కొత్తగా డయాలిసిస్‌కు వచ్చేవారిలో ఈ వ్యాధి వాటా 1980లు, 1990లు గడిచే కొద్దీ తగ్గుతూ వచ్చి, నేటికి దాదాపు కనుమరుగయింది. ఒక దీర్ఘరోగాన్ని చట్టంతో నిర్మూలించిన సందర్భాలు వైద్యచరిత్రలో ఎక్కువ లేవు. నేటి యువ వైద్యులకు ఈ వ్యాధి పాఠ్యపుస్తకంలో ఒక పేరాగ్రాఫు మాత్రమే.

ఇదే 1967లో, సిడ్నీలోని ప్రిన్స్ హెన్రీ ఆసుపత్రిలో జేమ్స్ లాన్స్ బృందం పార్శ్వపు తలనొప్పి వచ్చినప్పుడు రక్తంలో సెరటోనిన్ పడిపోతుందని చూపింది. మన ఆయుర్వేదం అర్ధావభేదకం అని, సూర్యావర్తమని విడదీసి పేర్లు పెట్టిన తలనొప్పులున్నాయి. సుశ్రుతుడు శిరోరోగాలను పదకొండుగా లెక్కించాడు. ఏ తలనొప్పికి ఏ మందు అన్న ప్రశ్న అడగాలంటే ముందు ఇలా తలనొప్పులను వేరుచేయాలి. సెరటోనిన్ దారిలో సాగిన పరిశోధన 1991 నాటికి సుమాట్రిప్టాన్ అనే, పార్శ్వపు నొప్పికి ప్రత్యేకమైన మందు దగ్గరకు చేరింది. ఒకే దేశం, ఒకే ఏడాది. ఒక నగరంలో తలనొప్పి ఏమిటని అడుగుతున్నారు, మరో నగరంలో దాన్ని అడగకుండా మింగిన ఫలితాన్ని లెక్కిస్తున్నారు.

తలనొప్పి చరిత్రలో తెలుగువారి అధ్యాయం వేరుగా నడిచింది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ సీసా మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి నడిచాయి. తెలుగు పత్రికారచనకు, సాహిత్యానికి తలనొప్పి చేసిన ఉపకారం ఇంతా అంతా కాదు. నేటి అమృతాంజనంలో కర్పూరం, పుదీనా పువ్వుతోబాటు గంధపూర తైలం ఉంటుంది. ఆ తైలంలోనిది మిథైల్ సాలిసిలేట్, యాస్పిరిన్‌కు దగ్గరి బంధువు. నుదుటి మీద రాసుకునే మందు గనుక అది మూత్రపిండం దాకా చేరే మోతాదు స్వల్పం. శొంఠి గంధం పట్టు వేసిన మన అమ్మమ్మలు కూడా తెలిసో తెలియకో ఈ ఒక్క విషయంలో జాగ్రత్తపరులు.

మింగే మందులకు వస్తే కథ మారుతుంది. మనవారి ఇళ్ళలో అత్యంత ప్రసిద్ధమైన తలనొప్పి బిళ్ళ సారిడాన్. 1930లలో స్విట్జర్లాండ్‌లోని రోష్ సంస్థ తెచ్చిన ఈ బిళ్ళలో మొదట ఉన్నవి ఫెనాసెటిన్, ప్రొపిఫెనజోన్, కెఫీన్. తరువాత ఫెనాసెటిన్ స్థానంలో పారాసిటమాల్ వచ్చింది. కెఫీన్ అలాగే ఉంది, మూడు మందుల కూర్పు అలాగే ఉంది. ఏపీసీ పొట్లానికి ఇది పినతల్లి బిడ్డ వరస. 2018 సెప్టెంబరులో భారత ప్రభుత్వం 328 మిశ్రమ మందులను నిషేధించినప్పుడు సారిడాన్ కూడా ఆ జాబితాలో ఉంది. 1988కి ముందునుంచీ అమ్ముడవుతున్న మందు అన్న కారణంతో 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దానికి మినహాయింపు ఇచ్చింది. పాతబడిన మందు కనుక మంచిదనే వాదన ఆస్ట్రేలియాలో 1979కి ముందు కూడా వినిపించేదే.

నేటి సారిడాన్‌లో ఫెనాసెటిన్ లేదు గనుక పాత పొట్లం చేసిన హానిని యథాతథంగా దీనికి అంటగట్టడం సరికాదు. కానీ కెఫీన్ గుట్టు మారలేదు. అంతర్జాతీయ తలనొప్పుల సంఘం, మందుల అతివాడకం వల్లనే పుట్టే తలనొప్పిని ఒక ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది. దానికి పెట్టిన కొలత చూడండి. పారాసిటమాల్ వంటి ఒంటరి మందును మూడు నెలలకు పైగా నెలకు పదిహేను రోజులు లేదా అంతకంటే ఎక్కువ వాడితే ప్రమాదం. మిశ్రమ మందులకైతే ఆ హద్దు నెలకు పది రోజులే. బెక్స్ తాగిన స్త్రీలు తమ శరీరాలతో కనిపెట్టిన తేడా ఇది.

పారమట్టాలో నేను చూసే తెలుగు రోగుల సమస్య మరో రకం. సెలవులకు వెళ్ళివచ్చిన సూట్‌కేసులో డోలో 650, క్రోసిన్, సారిడాన్ స్ట్రిప్పులు, ఇక్కడి సూపర్‌మార్కెట్లో కొన్న పనడాల్, కోల్డ్ అండ్ ఫ్లూ బిళ్ళలు, అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. పేర్లు అయిదు, అందులో ప్రధానమైన మందు ఒకటే, పారాసిటమాల్. పెద్దలకు రోజుకు నాలుగు గ్రాములు దాటరాదు. డోలో ఆరు బిళ్ళలు వేసుకుంటే 3.9 గ్రాములు. దానిమీద జలుబు బిళ్ళ ఒక్కటి పడినా హద్దు దాటినట్టే. అక్కడ దెబ్బతినేది మూత్రపిండం కంటే ముందుగా కాలేయం. తలనొప్పికి డోలో, జలుబుకు ఇంకేదో అని మనవారు వేర్వేరు ఖాతాలు రాసుకుంటారు. కాలేయానికి ఖాతా ఒకటే. ఆ పారాసిటమాల్‌లో చాలా భాగం మన నేల మీదే తయారవుతుంది. ప్రపంచంలోని అతిపెద్ద పారాసిటమాల్ తయారీ కేంద్రాలలో ఒకటి సంగారెడ్డి జిల్లా బొంతపల్లిలో ఉంది.

ఆస్ట్రేలియా తన పాత పద్ధతిలోనే బిగిస్తూ వస్తోంది. 2018 ఫిబ్రవరి 1 నుంచి కోడీన్ కలిసిన నొప్పిమందులు వైద్యుల చీటీ లేకుండా దొరకవు. 2025 ఫిబ్రవరి 1 నుంచి సూపర్‌మార్కెట్లో పారాసిటమాల్ పెట్టెలో 20 బిళ్ళలకు బదులు 16 మాత్రమే ఉంటాయి. ఈ నాలుగు బిళ్ళల తగ్గింపు మీద మనవారు నవ్వుకోవడం విన్నాను. వెనకటి చరిత్ర తెలియకపోతే నవ్వు రావడం సహజమే. అయితే ఈ లెక్కలు అంగడిలో కొన్నవాటికే. సూట్‌కేసులో వచ్చే పదేసి స్ట్రిప్పులు ఏ లెక్కలోకీ రావు. అందుకని తలనొప్పితో వచ్చినవారిని ఏ మందులు వాడుతున్నారని నేను అడగను. ఇంట్లో ఉన్న మందుల డబ్బా మొత్తం తెమ్మంటాను. ఒక్కొక్క స్ట్రిప్పు వెనక్కి తిప్పి, సన్నని అక్షరాలలో ఉన్న అసలు పేరును తెలుగులో పెద్దగా రాసి అతికిస్తాం. రోజుకు ఎన్ని కాఫీలు తాగుతారన్నది ఆ తరువాతి ప్రశ్న.